డాన్ సొసైటీ కుర్రాళ్ల కొట్టు

ఆ కొట్టు నిలవదని మనకు తెలుసు. దాని అరల్లో సరుకు సర్దిన కుర్రాళ్లకు మాత్రం తెలియదు. ఈ కథలో గుండెను మెలిపెట్టేది అదే.

1902లో సతీశ్‌చంద్ర ముఖర్జీ కలకత్తాలో డాన్ సొసైటీ స్థాపించారు. విశ్వవిద్యాలయాల మీద సర్కారు పట్టు బిగుస్తున్న రోజులవి. గుమాస్తాలను తయారుచేసి పంపే చదువును చూసి ఆయన బెంగటిల్లారు. విద్యాసాగరుడి మెట్రోపాలిటన్ కళాశాలలో పిల్లలను చేరదీసి, వాళ్లకు గీత చెప్పించారు, దేశం గురించి చెప్పారు. మరుసటేడు పారిశ్రామిక విభాగమొకటి తెరిచి, దానికి స్వదేశీ దుకాణాన్ని జోడించారు. బేరం ఎలా సాగుతుందో, లెక్క ఎక్కడ తప్పుతుందో కొట్టులో నిలబడి నేర్చుకోవాలి; చదువుకున్నవాడు తక్కెడ పట్టడానికి సిగ్గుపడకూడదు. అప్పటికింకా బెంగాల్‌ను చీల్చిన వంగభంగం జరగలేదు, వీధుల్లో నినాదాలూ లేవు. ఎంత నిదానంగా, ఎంత నమ్మకంగా మొదలైందో! రాజేంద్రప్రసాద్, వినయ్‌కుమార్ సర్కార్, రాధాకుముద్ ముఖర్జీ ఆ సొసైటీలో మసలిన విద్యార్థులే.

ఆ నిదానాన్ని కాలం సాగనివ్వలేదు. 1905 అక్టోబరు 16న బెంగాల్ రెండు ముక్కలైంది. ఉద్యమంలోకి దిగే విద్యార్థుల మీద సర్కారువారి కార్లైల్ సర్క్యులర్ విరుచుకుపడింది. దానికి ఎదురుగా నవంబరులో శచీంద్రప్రసాద్ బసు యాంటీ సర్క్యులర్ సొసైటీ పెట్టారు. కుర్రాళ్లు స్వదేశీ బట్టల మూటలు భుజానికెత్తుకుని ఇంటింటా తిరిగి అమ్మారు. చూసినవాళ్లకు అది వసంతంలా తోచి ఉంటుంది. కానీ బెంగాల్లో నేసే బట్ట చాలదు, బొంబాయి మిల్లుల బట్ట ధర తగ్గదు. ఆవేశంతో కొన్నవాడు రెండోసారి వస్తాడన్న భరోసా ఏదీ?

కథ మలుపు తిరగగలిగిన రోజు ఒకటుంది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. సర్కారు చదువుకు బదులు సొంత చదువు నడపాలని 1906 జూన్ 1న జాతీయ విద్యా పరిషత్తు రిజిస్టరైంది. అదే ఆశయం ఉన్నవాళ్లలో తారక్‌నాథ్ పాలిత్ పక్షం వేరుగా, సాంకేతిక విద్య కోసం మరో సంఘం పెట్టుకుంది. అరవిందుడు ప్రిన్సిపాలుగా బౌబజారు వీధిలో పరిషత్తు కళాశాల వెలిసింది. అప్పర్ సర్క్యులర్ రోడ్డులో పాలిత్ పక్షం వాళ్ల బెంగాల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. ఒకచోట దేశభక్తి, మరోచోట పనిముట్లు. వస్తువు చేసే చేతులూ అమ్మడం నేర్చిన నోళ్లూ ఒకే ఊళ్లో వేర్వేరు గడపల్లో ఉండిపోయాయి. ఆ ఏడాదే ఒక కప్పు కిందికి చేరి ఉంటే, కొట్టుకు వెనక కార్ఖానా, కార్ఖానాకు ముందు కొట్టు ఉండేవి. సుబోధ్ మల్లిక్ ఇస్తానన్న లక్ష రూపాయలున్నాయి, బ్రజేంద్రకిశోర్ రాయ్‌చౌధురివి ఐదు లక్షలున్నాయి. అందుకే ఆ కొట్టు డబ్బులేక పోయిందనడానికి నాకు నోరు రాదు.

డాన్ సొసైటీని నడిపినవాళ్లే కొత్త కళాశాలకు పాఠాలు చెప్పడానికి వెళ్లారు. సతీశ్‌బాబు కూడా అటే వెళ్లారు. విద్యార్థి ఎప్పటికైనా వెళ్లిపోయేవాడే. వాడి వ్యాపారం నిలవాలంటే వెళ్లనివాడొకడు కావాలి, ఆ ఒక్కడూ లేకపోయాడు. 1908 డిసెంబరులో శచీంద్రప్రసాద్‌ను సర్కారు బెంగాల్ బయటికి పంపి నిర్బంధించింది. 1910లో రెండు సంస్థలూ ఏకమయ్యాయి, కానీ అప్పటికి పొయ్యిలో నిప్పు చల్లారింది. 1911లో వంగభంగం రద్దయ్యింది, కోపం కూడా తీరింది. 1912లో పాలిత్ తన ఆస్తిని కలకత్తా విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. పరిషత్తు విద్యాలయం సామాను సర్దుకుని మానిక్‌తలాలోని పంచవటి విల్లాకు తరలింది. సాంకేతిక శాఖ మాత్రం ఊపిరి నిలుపుకుని జాదవ్‌పూర్ చేరింది.

ఈ వేదన మన ఆంధ్ర తీరాన్నీ తాకింది. 1907లో వంగ నాయకుడు బిపిన్‌చంద్ర పాల్ వచ్చి వెళ్లాక, మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావుగారు ఆంధ్ర జాతీయ కళాశాలను 1910లో నిలబెట్టారు. దానికోసం అరిగి అరిగి, 1922లో కన్నుమూశారు. సతీశ్‌బాబు చివరి రోజులు కాశీలో గడిచాయి. 1948లో ఆయన పోయేనాటికి దేశం స్వతంత్రమైంది, రాజేంద్రప్రసాద్ రాజ్యాంగసభకు అధ్యక్షుడు. 1903 నాటి కొట్టు మాత్రం మళ్లీ తెరుచుకోలేదు.