ఒక చీర, మూడు తీర్పులు

మొన్నామధ్య మా ఆఫీసులో యాన్యువల్ డే జరిగింది. ప్రతి టీమూ ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి మావాళ్ళు ఒక స్కిట్ వేశారు. అందులో టెస్టింగ్ కుర్రాడొకడికి చీర కట్టి, విగ్గు పెట్టి, లిప్‌స్టిక్ పూసి స్టేజీ ఎక్కించారు. వాడు ఒక్క డైలాగు చెప్పకముందే హాలంతా ఈలలు, నవ్వులు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

ఇంటికొచ్చాక మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. కుర్రతనంలో స్థానం నరసింహారావు గారి సత్యభామని చూడ్డానికి రాత్రిపూట నడిచి వెళ్ళేవాళ్ళమని చెప్పేవాడు. "ఎవరూ నవ్వేవాళ్ళు కాదా తాతయ్యా?" అని చిన్నప్పుడు అడిగితే నా మొహంలోకి వింతగా చూశాడు. "ఎందుకు నవ్వుతార్రా? అక్కడున్నది సత్యభామ గదా!" అన్నాడు.

మరి మనకి నవ్వెందుకొస్తోంది? ఈ ప్రశ్న పట్టుకుని కాస్త చదివాను. చదివినకొద్దీ ఇది నవ్వుతో ఆగే వ్యవహారం కాదని తెలిసింది.

డ్రాగ్ అనగానే మనకి ఏ న్యూయార్కు క్లబ్బో, ఈకల టోపీలో, తళుకుల గౌన్లో గుర్తొస్తాయి. ఆ హంగులన్నీ కృష్ణా జిల్లాలో ఎప్పుడో ఉన్నాయి. కూచిపూడిలో సిద్ధేంద్రయోగి పేరు మీద నడిచే భామాకలాపం సంప్రదాయం ప్రకారం, ఆ ఊరి భాగవతుల ఇళ్ళలో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలి. తేలికైన బూరుగు కర్రతో చేసి తళుకు అద్దిన నగలు, సూర్యచంద్రుల బిళ్ళలు, వీటన్నిటికీ మించి ఆ పొడుగాటి జడ. పాత్ర ఇంకా కనపడకముందే తెర మీంచి జడ ఇవతలకి వేసేవారు. విద్యలో నన్ను ఓడించేవాళ్ళుంటే రండి, ఓడితే ఈ జడ కోసిస్తాను అని దానర్థం. ఫ్యాషనే సవాలు అన్నమాట! ఈ బాణీలో చివరి మహానటుల్లో ఒకరు వేదాంతం సత్యనారాయణ శర్మ గారు. ఆయన ఉష, సత్యభామ వేషాలు చూసిన ఆడవాళ్ళే పోల్చుకోలేకపోయేవారట. 1961లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ వచ్చాయి. 2012లో పోయారు.

ఇక నాటకాల సంగతి. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు "వ్యవహార ధర్మబోధిని" వేయించినప్పటి నుంచి తెలుగు స్టేజీ ఊపందుకుంది. తరవాత సమాజాలు, కాంట్రాక్టర్లు, టిక్కెట్లు. పెద్దింటి ఆడవాళ్ళు స్టేజీ ఎక్కరు, కాబట్టి ఆడవేషం మగవాడిదే.

బాపట్లలో పుట్టిన స్థానం వారు ఈ రంగంలోకి రావడం అచ్చంగా ప్రొడక్షన్‌లో ఎమర్జెన్సీ లాంటిదే. 1920లో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేసే నటుడు రాలేదు. ఈయన్ని నిలబెట్టారు. అప్పటికి వయసు 18. అంతే, తరవాత దశాబ్దాల పాటు ఆ స్థానం ఆయనదే. సత్యభామ, చిత్రాంగి, రోషనార, చింతామణి, కన్యాశుల్కంలో మధురవాణి... ఒక్కొక్కరికి ఒక్కో కట్టు, ఒక్కో నడక, ఒక్కో చూపు. సత్యభామ పొగరు వేరు, మధురవాణి చతురత వేరు, రెంటికీ ఒకే చీర సరిపోదు కదా. ఆయన కట్టు చూసి ఆడవాళ్ళు నేర్చుకునేవారని చెప్పుకుంటారు. ముత్తరాజు సుబ్బారావు గారి శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాటతో ఆయన పేరు ఊరూరా మోగింది. 1966 సినిమాలో సుశీల పాడగా జమున అభినయించింది ఆ పాటకే. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. తన విద్య గురించి "నటస్థానం" అని పుస్తకం కూడా రాశారు.

మనవాళ్ళొక్కరే కాదు. మరాఠీలో బాలగంధర్వ (1888-1967) ఉన్నాడు. ఆయన చీరలూ నగలూ చూసి పుణె, బొంబాయి ఇల్లాళ్ళు అలాగే కట్టుకునేవారు. ఖరీదైన పట్టుచీరలు, అత్తర్లు ఆయన బలహీనత. కంపెనీ చివరికి అప్పులపాలైంది. బొంబాయి గుజరాతీ స్టేజీ మీద జయశంకర్ అనే కుర్రాడు 1901లో "సౌభాగ్య సుందరి"లో వేసిన వేషంతో ఇంటిపేరే "సుందరి"గా మారిపోయింది. వాళ్ళిద్దరికీ పద్మభూషణ్‌లు వచ్చాయి. ఇప్పటి భాషలో చెప్పాలంటే వీళ్ళంతా ఆ కాలపు ఫ్యాషన్ ఇన్‌ఫ్లుయెన్సర్లు.

ఇంతవరకూ చదివి ఆహా ఓహో అనుకున్నాను. అయితే అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఆ రోజుల్లో సత్యభామ వేషం వేయగల ఆడవాళ్ళు లేరా? లేకేం. గోదావరి జిల్లాల కలావంతుల మేళాల్లో భామాకలాపం తెలిసిన స్త్రీలు ఉన్నారు. కానీ వాళ్ళ ఆటని "భోగం మేళం" అని వెలివేసే ఉద్యమం కూడా అప్పుడే నడిచింది. దానికి ముందు నిలిచినవాళ్ళలో మన వీరేశలింగం గారే ఒకరు. వాళ్ళ బతుకుల్లో దోపిడీ ఉంది, దాన్ని ఆపాలనుకోవడం తప్పని నేననను. కానీ 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చేనాటికి దోపిడీతో పాటు వాళ్ళ విద్యనీ స్టేజీ మీంచి దింపేశారు. అదే విద్య మగవాడు చేస్తే కళ, ఆమె చేస్తే సిగ్గుచేటు.

దీనికి మినహాయింపు సురభి వాళ్ళు. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన ఆ కుటుంబ నాటకాల్లో ఇంట్లో ఆడవాళ్ళే ఆడవేషాలు వేశారు, అవసరమైతే మగవేషాలు కూడా. అందుకే 1932లో తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద"కి హీరోయిన్ కావలసి వస్తే దొరికింది సురభి కమలాబాయి. కెమెరా దగ్గరికొచ్చి మొహం చూపించడం మొదలుపెట్టాక మగవాళ్ళ ఆడవేషాలకి కాలం చెల్లింది. బాలగంధర్వ అంతటివాడు 1935లో "ధర్మాత్మ" సినిమాలో ఏకనాథుడిగా మగవేషమే వేశాడు. అక్కినేని కూడా నాటకాల్లో ఆడవేషాలతోనే పేరు తెచ్చుకుని సినిమాల్లో హీరో అయ్యారు. ఎన్టీఆర్ గారిదైతే మరీ తమాషా. విజయవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ గారు నాగమ్మ వేషం ఇస్తే మీసం తీయనన్నారు, "మీసాల నాగమ్మ" అనిపించుకున్నారు. నాకు ఆ మీసం దగ్గరే నవ్వు మొదలైందేమో అనిపిస్తుంది. ఆ తరవాత సినిమాల్లో హీరో చీర కడితే అది కామెడీ ట్రాకే.

ఇక మూడో సంగతి. నన్ను బాగా కుదిపింది ఇదే. స్థానం వారు బాపట్లలో చీర కట్టడానికి ఏడాది ముందు, అంటే 1919లో (ఫసలీ లెక్కన 1329), హైదరాబాదు సంస్థానంలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కిస్తారు. రిజిస్టర్లో ఉన్న మనిషి ఆడబట్టలు కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనపడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. బహిరంగంగా ఆడిపాడినా నేరమే. బాపట్ల మద్రాసు ప్రెసిడెన్సీలోది, ఇది నిజాం చట్టం, రెంటికీ నేరుగా సంబంధం లేదు. వేషం వేరు, జీవితం వేరు అని కూడా తెలుసు. కానీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే కాలం, ఒకే చీర. రాత్రికి కట్టి తెల్లారి విప్పేసే మగవాడికి పద్మశ్రీ. ఆట తెలిసిన ఆడదానికి వెలి. విప్పడం ఇష్టంలేని మనిషికి జైలు.

ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. అంటే నేను ఈ ఊళ్ళో ఉద్యోగంలో చేరి, ఇల్లు కొనుక్కుని, రోజూ సిగ్నల్ దగ్గర కారు అద్దం ఎక్కించుకుని వెళ్తున్నన్నాళ్ళూ అది పుస్తకాల్లో ఉందన్నమాట. నాకు తెలియను కూడా తెలియదు.

స్థానం వారి గొప్పతనం ఇందువల్ల తగ్గదు. నా మట్టుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. నవ్వించకుండా, తనని తాను మర్చిపోయి, ఇంకో మనిషిగా నిలబడటం ఎంత కష్టమో అర్థమైంది. కాకపోతే ఆయనకి పరిచిన ఎర్ర తివాచీ కింద ఎవరి కాళ్ళు నలిగాయో కూడా తెలిసుండాలి, అంతే.

సోమవారం క్యాంటీన్లో ఆ టెస్టింగ్ కుర్రాడు కనపడ్డాడు. బాగా చేశావోయ్ అన్నాను. "నడకేం కుదరలేదన్నా. రెండ్రోజులు మా అక్క వెనకాల తిరిగి నేర్చుకున్నా. కుచ్చిళ్ళు తొక్కకుండా తిరగాలంటే ఎంత కష్టమో" అన్నాడు.

మేమెవ్వరం వాడి నడక చూడనే లేదు. నవ్వుతూ కూర్చున్నాం.