ఉరుములు, పిడుగులతో కూడిన గాలివానలు – ముందస్తు హెచ్చరికల అవగాహన

మార్చి నుంచి మే వరకు తెలుగు రాష్ట్రాలలో మధ్యాహ్నం దాకా ఎండ మండి, సాయంత్రానికి ఈదురుగాలులు, పిడుగులు, వడగండ్లతో వాన కురవడం పరిపాటి. నేలకు సమీపంలో బంగాళాఖాతం నుంచి వీచే తేమగాలి, దానిపైన వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి చేరినపుడు, వేడెక్కిన గాలి వేగంగా పైకి లేచి క్యుములోనింబస్ మేఘాలు ఏర్పడతాయి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దిశ, వేగం మారే రోజులలో ఇవి మరింత ఉద్ధృతమవుతాయి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వెల్లడించింది. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా పిడుగుపాటుకు 2,887 మంది మృతిచెందారు.

ఇట్టి పరిస్థితులు ఏర్పడే అవకాశాన్ని భారత వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందుగానే జిల్లాలవారీగా తెలియజేస్తుంది. అయితే ఏ గ్రామంపై మేఘం కమ్ముతుందో ఆ దశలో చెప్పడం సాధ్యం కాదు. మేఘం రూపుదిద్దుకున్న పిదప విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాద్ తదితర కేంద్రాల డాప్లర్ రాడార్లు, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా రాబోయే 3 గంటలకు 'నౌకాస్ట్' వెలువడుతుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన 'దామిని' యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలోని పిడుగులను సూచిస్తుంది. జిల్లా అంచనాను ఫలానా ఊరిలో పిడుగు పడుతుందన్నట్లు ప్రచురించడం, నౌకాస్ట్‌ను మరునాటి సంచికకు ఉంచడం రెండూ నిష్ప్రయోజనమే. పసుపు రంగు హెచ్చరికను ప్రమాదరహితమని భావించరాదు. చెట్టు కింద నిలిచిన మనిషికి పసుపైనా, ఎరుపైనా పిడుగు ఒక్కటే.

టోర్నడోలు మన దేశంలో అరుదు. 2024 మార్చి 31న పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగురిలో సంభవించిన టోర్నడో ప్రాణనష్టం కలిగించింది. అదే సంవత్సరం ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో సుమారు 200 హెక్టార్లలో 50 వేలకు పైగా చెట్లు నేలకూలినట్లు తొలి అంచనాలు తెలిపాయి. దానికీ వెంటనే టోర్నడో అన్న పేరు ప్రచారమైంది. మేఘం నుంచి ఒక్కసారిగా కిందికి దిగి నేలపై నలువైపులా విస్తరించే చల్లగాలి సైతం ఇంతటి విధ్వంసం సృష్టించగలదు. చెట్లు విసనకర్రలా విచ్చుకొని పడ్డాయా, సుడి తిరిగినట్లు పడ్డాయా అన్నది పరిశీలించిన మీదటనే నిర్ధారణ చేయవలసి ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ భూమి వంపు వలన రాడార్ కిరణం ఎత్తుగా సాగుతుంది. కావున నేలను ఆనుకొని ఉండే చిన్న సుడులు దానికి చిక్కవు.

అన్నిటికంటె క్లిష్టమైనది చివరి అంచె. నాట్లలోనో, కోతలలోనో ఉన్న కూలీల సెల్‌ఫోన్లు గట్టుమీది సంచులలో ఉంటాయి. గొర్రెల కాపరులకు సిగ్నల్ అందదు. మండల అధికారులు నౌకాస్ట్ అందిన వెంటనే టముకు, ఆలయాలు, మసీదులు, చర్చిల మైకుల ద్వారా తెలియజేయడం ఫోన్ సందేశం కంటె త్వరగా పనిచేస్తుంది. మెరిసిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపున ఉన్నట్లు లెక్క. తక్షణమే పక్కా భవనంలోకి చేరి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాల వరకు బయటకు రాకూడదు.