రేడియేటర్ కింద చుక్క

కార్పెట్ అంచు మడిచి, పాత తువ్వాలు పరుచుకుని, ముందుగదిలో బోర్లా పడుకున్నాను. కళ్లెదురుగా, నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో, బొటనవేలంత ఇత్తడి వాల్వు. దాని మూతి దగ్గర ఒక నీటి బొట్టు. తుడిచేస్తాను. కాసేపటికి మళ్లీ ఊరుతుంది. పక్కనున్న రాగి గొట్టం మీద పచ్చటి కిలుం.

ఊరు ఇంగ్లండ్‌లోని రెడింగ్, నెల అక్టోబరు. ఇక్కడ చాలా ఇళ్లను వెచ్చగా ఉంచేది వంటగది గోడకున్న గ్యాస్ బాయిలర్. అది కాచిన నీళ్లు గొట్టాల వెంట గదిగదికీ తిరిగి, రేడియేటర్లను వేడి చేసి, మళ్లీ దాని దగ్గరికే చేరతాయి. ఏళ్ల తరబడి తిరిగేవి అవే నీళ్లు. వాటిని తీసెయ్యాల్సి వచ్చినప్పుడు విప్పేదే ఈ డ్రెయిన్ కాక్. మా కింది అంతస్తు నేల కాంక్రీటు. అందుకని గొట్టాలు పై అంతస్తు చెక్కల కింద నడిచి, గోడల వెంట ఒక్కో రేడియేటర్‌కు దిగుతాయి. దిగినచోట నీళ్లు నిలిచిపోతాయి కాబట్టి అక్కడక్కడా ఒక్కో కాక్ పెట్టారు. కారుతున్నవి రెండు: ఇదొకటి, వెనక గుమ్మం దగ్గరిది ఇంకొకటి.

చుక్కేగా, గిన్నె పెడితే పోదా అనిపిస్తుంది. పోయే నీళ్లతో బాధ లేదు, వచ్చే నీళ్లతోనే. కారినకొద్దీ బాయిలర్ మీది ప్రెషర్ ముల్లు పడిపోతుంది, మనం కొళాయి నీళ్లు ఎక్కిస్తాం. కొత్త నీళ్లతో పాటు ఆక్సిజన్ లోపలికి పోతుంది. రేడియేటర్ ఉక్కు తుప్పు పడుతుంది, తుప్పును ఆపడానికి పోసిన మందేమో పలచబడుతుంది.

బాయిలర్ రాత్రే ఆపేశాం, గొట్టాలు చల్లబడ్డాయి. తోటకు నీళ్లు పట్టే పైపును వాల్వు మూతికి తొడిగి క్లిప్పు బిగించాను. దాని రెండో కొస బయట కాలువ జాలీలో ఉంది. చిన్న పానాతో చదరపు తలను తిప్పుతున్నాను. మొరాయించింది, తర్వాత టక్కున వదిలింది. ఇంకా తిప్పాను. స్పిండిల్ బయటికి వస్తోంది గానీ నీళ్ల జాడ లేదు. ఎండిపోయిన రబ్బరు వాషర్ లోపలే అతుక్కుపోయినట్టుంది. పానాతో వాల్వు ఒంటిమీద మెల్లగా రెండు దెబ్బలు వేశాను. పైపు ఒక్కసారిగా ఉబ్బింది. స్పిండిల్ చుట్టూ కూడా నీళ్లు చిమ్మి తువ్వాలు నల్లబడింది.

మేడ మీది నుంచి బావమరిది కేక.

"బావా, గాలి తియ్యనా?"

"ఆగరా, ముల్లు సున్నాకి రానీ."

వచ్చింది. "ఇప్పుడు విప్పు!" అన్నాను. పైన రేడియేటర్ బుస్సున గాలి పీల్చుకుంది. గోడలోపల గుటగుటమని చప్పుడు. నీరసించిన పైపు మళ్లీ బరువెక్కింది.

ఆ నీళ్లు కాటుక కలిపినట్టున్నాయి. ఇంట్లో పిల్లలుంటే ఇది చూపించాల్సిందే: ఆ నీళ్లు కాసిని గాజు సీసాలో పట్టి, ఫ్రిజ్ మీది అయస్కాంతాన్ని బయట ఆనిస్తే, నల్లపొడి అటువైపు జరిగి గోడకు అంటుకుంటుంది. అది మాగ్నెటైట్, అంటే రేడియేటర్ల లోపలి ఇనుమే తుప్పుపట్టి పొడైంది.

అసలు వాల్వు మార్చడం కాసేపటి పని. ఒక పానాతో వాల్వును కదలకుండా పట్టి, రెండో దాంతో నట్టు విప్పాలి. పట్టుకోకపోతే పలచటి రాగి గొట్టం మెలిపడుతుంది. పాత వాల్వు ఊడి చేతిలోకొచ్చింది. వాషర్ గోరు దిగనంత గట్టిపడింది, అది ఆనే సీటు అచ్చు దానిమీద గాడిలా పడింది. వాషర్ ఒక్కటే మారిస్తే పెన్నీల ఖర్చుతో పోయేది. కానీ సీటు కూడా గీతలు పడి ఉంది, కొత్త వాషర్ ఎన్నాళ్లో ఆగదు.

కొత్తది టైప్ ఏ, బీఎస్ 2879 ముద్ర ఉన్నది. స్పిండిల్ చుట్టూ గ్లాండ్ ప్యాకింగ్ ఉంటుంది కాబట్టి తెరిచినప్పుడు పక్కలనుంచి చిమ్మదు. ఆ గ్లాండ్ లేని టైప్ బీ చవకే. నా తువ్వాలును నల్లజేసింది అదే. గొట్టం మీది ఇత్తడి ఆలివ్ (నట్టు కింద నొక్కుకునే రింగు) నున్నగానే ఉంది, దాన్ని తుడిచి కాస్త జాయింటింగ్ పేస్టు రాశాను. నట్టును చేత్తో బిగిసినంత బిగించి, తర్వాత పానాతో కొద్దికొద్దిగా. ఇక్కడ కండబలం చూపిస్తే ఆలివ్ నలిగి, ఆపాల్సింది కారుతుంది.

వెనక గుమ్మం దగ్గరిది పేచీ పెట్టకుండా వచ్చేసింది.

బాయిలర్ కింది ఫిల్టర్‌లో తుప్పుమందు పోసి, కొళాయి నీళ్లు ఎక్కించే అల్లిక గొట్టం మరలు తిప్పాను. సర్రుమని నీళ్లు ఎక్కుతున్నాయి. ముల్లు ఒకటిన్నర బార్ చేరగానే కట్టేశాను. బావమరిది కింది రేడియేటర్లతో మొదలెట్టి పైవాటి దాకా గాలి తీస్తుంటే ముల్లు మళ్లీ జారింది, మళ్లీ నింపాను. కొత్త జాయింట్లకు టిష్యూ కాగితం చుట్టి చూశాం. పొడిగానే ఉంది. బాయిలర్ వెలిగించి, గొట్టాలు కాలేదాకా ఆగి, మరోసారి చూశాం. ఇత్తడి వేడికి సాగుతుంది, చల్లగా ఉన్నప్పుడు చేసిన పరీక్ష ఒక్కటే చాలదు.

మీ ఇంట్లోనూ ఇలాగే కారుతుంటే చలి ముదరకముందే చూసుకోండి, కొనేటప్పుడు గ్లాండ్ ఉన్నదే అడగండి. బాయిలర్ కవర్ మాత్రం విప్పకండి, అది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్ల పని. అద్దె ఇల్లయితే అసలు పానా పట్టకుండా యజమానికి రాసి పంపండి. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకు 1985 చట్టం ప్రకారం ఈ మరమ్మతు ఆయన బాధ్యతే.