తలకో దిండు, కాళ్ళకో దిండు

దిండు మీద కూర్చుంటే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు. "తల పెట్టుకునేది, లే!" అని కసిరేది. న్యూజిలాండ్ మావోరీలకి ఈ పట్టింపు ఇంకా గట్టిది. తల వాళ్ళకి ‘టపు’, అంటే పవిత్రం. తలకింది దిండు కాళ్ళకింద పెడితే అవమానమే. తలకొక రంగు, మిగతా ఒంటికొక రంగు దిండుగలీబులు వాడే ఆసుపత్రులు అక్కడున్నాయి. చిన్న విషయమే. కానీ ఐసీయూలో స్పృహ లేని మనిషి "ఆ దిండు వద్దు" అని చెప్పలేడు కదా.

దీన్ని మర్యాదగా కాక భద్రతగా చూడటం 1988లో మొదలైంది. క్రైస్ట్‌చర్చ్‌లో జరిగిన ఒక సమావేశంలో ఓ మావోరీ నర్సింగ్ విద్యార్థిని, చట్టపరమైన భద్రత, వైద్యపరమైన భద్రత అంటున్నారు సరే, సాంస్కృతిక భద్రత మాటేమిటని అడిగింది. ఆ ప్రశ్నని సిద్ధాంతంగా మలిచింది మావోరీ నర్సు ఇరిహాపెటి రామ్స్‌డెన్. మావోరీ ఆచారాలు బట్టీ పట్టమని ఆవిడ అనలేదు. నర్సు ముందు తన అపోహల్ని, తన చేతిలో ఉన్న అధికారాన్ని చూసుకోవాలంది. వైద్యం భద్రంగా జరిగిందో లేదో చెప్పాల్సింది చేసినవాళ్ళు కాదు, చేయించుకున్నవాళ్ళు. మా సాఫ్ట్‌వేర్‌లోనూ "నా మెషీన్‌లో బానే నడుస్తోంది" అంటే చెల్లదు.

1992లో న్యూజిలాండ్ నర్సింగ్ కౌన్సిల్ దీన్ని చదువులో తప్పనిసరి చేసింది. పత్రికల్లో దుమారం రేగింది, పార్లమెంటు కమిటీ విచారించింది. 2003లో రామ్స్‌డెన్ చనిపోయింది. మాట మాత్రం నిలబడింది, కెనడా దాకా వెళ్ళింది. 2019 సెప్టెంబరులో కెబెక్ ప్రభుత్వం వేసిన వియెన్స్ కమిషన్, సాంస్కృతిక భద్రతని చట్టంలో పెట్టమని సిఫారసు చేసింది.

పెట్టలేదు. దాదాపు ఏడాదికి, 2020 సెప్టెంబరు 28న, అటికమెక్ తెగకు చెందిన జాయిస్ ఎషాక్వాన్, 37 ఏళ్ళ మనిషి, ఏడుగురు పిల్లల తల్లి, కడుపునొప్పితో జోలియెట్ ఆసుపత్రిలో చేరి ప్రాణాలు వదిలింది. చనిపోయే ముందు, సిబ్బంది తనని తిడుతుండగా ఫోన్‌లో లైవ్ పెట్టింది. ఆమె ఎదుర్కొన్న జాతి వివక్ష కూడా చావుకి కారణమని 2021లో కరోనర్ తేల్చింది. వ్యవస్థలోనే వివక్ష ఉందని మాత్రం ప్రభుత్వం ఒప్పుకోలేదు.

2024 డిసెంబరులో చట్టం వచ్చింది. ‘సాంస్కృతిక భద్రత’ దాని పేరులోనే ఉంది. వ్యవస్థాగత వివక్ష అన్న మాట లోపల ఎక్కడా లేదు. తీర్పు చెప్పాల్సింది మంచం మీదున్న మనిషి అని కదా రామ్స్‌డెన్ అన్నది. జాయిస్ తన తీర్పు ఫోన్‌లో చెప్పే వెళ్ళింది.