తోలు సీటు ఎవరిది?

లెదర్ సీట్లంటే మనకి టాప్ మోడల్, హోదా. పాత కార్ల చరిత్రలో కథ తిరగబడి ఉండటం నాకు భలే నచ్చింది. 1920ల నాటి ఖరీదైన లిమోజిన్లలో వెనక యజమానికి మెత్తటి ఉన్ని బట్ట, ముందు డ్రైవరుకి తోలు! చాలా బండ్లలో డ్రైవరు నెత్తిన కప్పు ఉండేది కాదు మరి. వాన పడినా తోలైతే తుడిచేయొచ్చు. 2018లో వచ్చిన టొయోటా సెంచురీలో కూడా మామూలుగా ఇచ్చింది ఉన్ని సీట్లే, తోలు కావాలంటే విడిగా అడగాలి.

తర్వాత తోలే దర్జా అయింది, దాంతో పాటు సేవలూ మొదలయ్యాయి. 1878లో లండన్లో పుట్టి రోల్స్ రాయిస్, జాగ్వార్లకి తోలు ఇచ్చిన కానలీ కంపెనీ 'హైడ్ ఫుడ్' అనే క్రీము అమ్మింది. అంటే తోలుకి తిండన్నమాట! ఆ పాత కంపెనీ 2002లో మూతపడినా ఆ నమ్మకం మాత్రం పోలేదు.

ఇప్పటి కార్ల తోలు చాలావరకు రంగేసి, పైన పాలీయురేథేన్ పూత పూసినదే. నూనె క్రీము లోపలికి దిగదు, పైనే జిడ్డై దుమ్ము పడుతుంది. కుట్ల దగ్గర ఇసుక వాక్యూమ్‌తో లాగేసి, తేలికపాటి సబ్బు నురగతో మెత్తగా తుడిచి, తడి ఆరనిస్తే చాలు. ఎండలో పెడితే అద్దానికి సన్‌షేడ్.

నా మటుకు నాకు, ఆ డబ్బాకి పెట్టే డబ్బులు దండగే. మీరేమంటారు?