వెల్చేరు నారాయణరావు గారి తులనాత్మక సాహిత్య పరిశోధనము

పలాసలో రైలు దిగి కాశీబుగ్గ వీథులలో నడచువానికి ఒక అంగడియొద్ద తెలుగును, వేరొక అంగడియొద్ద ఒరియాయును వినవచ్చును. ఇచ్చటి ఉద్దానసీమ కొబ్బరితోటల నడుమ ఈ రెండు భాషలు ఒకే చూరుక్రింద కాపురముండుట మాకు వింత గాదు. ఒక భాషలోని మాటను రెండవదానితో సరిచూచుకొనుట ఇచ్చటివారికి ఉగ్గుబాలతో అబ్బిన విద్య. అందుచేతనే శ్రీకాకుళసీమలోని అంబఖండి గ్రామమున జన్మించిన వెల్చేరు నారాయణరావుగారి విద్యాప్రస్థానమును టెక్కలి, పలాసల పాఠకుడు ఒకింత మమకారముతో పరిశీలింపక మానడు. ఆయన పుట్టిననాటికి శ్రీకాకుళము జిల్లాయే లేదు. అది 1950లో ఏర్పడినది.

బాల్యము ఏలూరు చెంతనున్న కొప్పాకలో గడచినది. పిదప ఏలూరులోని సర్ సి.ఆర్.రెడ్డి కళాశాలలో ఆయన అధ్యాపకులైరి. ఆ కళాశాల పేరు మనకిట ముఖ్యము; ఆ సి.ఆర్.రెడ్డిగారే కట్టమంచి రామలింగారెడ్డిగారు. పాశ్చాత్య విమర్శసూత్రముల వెలుగులో తెలుగు కావ్యమును పరీక్షించి, కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ను ప్రకటించిరి; అందు విమర్శకు లక్ష్యములైనవి పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయ, ప్రభావతీప్రద్యుమ్నములు. అప్పటికి దేశమున తులనాత్మక సాహిత్యమునకు ప్రత్యేకశాఖయే లేదు; అది జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమున 1956లో గాని వెలయలేదు. సూరనార్యుని ఆ రెండు కావ్యములనే నారాయణరావుగారు డేవిడ్ షుల్మన్ గారితో గూడి 2002, 2006 సంవత్సరములలో ఆంగ్లీకరించిరి. కట్టమంచివారు బయటి కొలబద్దను తెచ్చి సూరనను కొలువగా, వీరు సూరన వాడిన కొలబద్ద యేదియో మొదట తెలిసికొనగోరిరి. పద్యపు నడక ఆంగ్లమున నిలువలేదని నా అభిప్రాయము. కథనచాతుర్యము మాత్రము చెక్కుచెదరక నిలిచినది.

1971లో ఆయన అమెరికాలోని మాడిసన్ నగరమునకేగి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున దాదాపు నాలుగు దశాబ్దములు బోధించి, కృష్ణదేవరాయల పేరిటి ఆచార్యపీఠమును అలంకరించిరి. తరువాత ఎమరీ విశ్వవిద్యాలయమున బోధించిరి. ఆయన ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ విస్కాన్సిన్‌లో నున్న కాలముననే, 1978లో, గ్రంథరూపమున వెలువడినది.

ఆయన కృషిలో మా ఉత్తరాంధ్రకు మిక్కిలి సన్నిహితమైనది బొబ్బిలి యుద్ధమును గూర్చిన పరిశీలనము. షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం గార్లతో కలిసి 2001లో వెలువరించిన ‘టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్’ గ్రంథమున, 1757 జనవరిలో జరిగిన ఆ ఘోరసంగ్రామమును గూర్చి ఆంగ్లేయుడైన రాబర్ట్ ఓర్మ్ వ్రాసిన వృత్తాంతమును, దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమును, జనులు పాడుకొను బొబ్బిలికథను వారు సరిసమానమైన పీఠములపై నుంచి చదివిరి. ఓర్మ్ వ్రాసినది చరిత్రయనియు, తక్కినవి కట్టుకథలనియు పాఠశాలలో మాకు నేర్పియుండిరి. దక్షిణదేశమున చరిత్రరచనకు ప్రత్యేకప్రక్రియ లేకున్నను, ఏ కాలమున ఏ ప్రక్రియ ప్రబలియున్నదో అందే చరిత్ర వ్రాయబడెననియు, ఏది జరిగినది, ఏది కల్పన యను భేదమును రచన యొక్క అల్లికను బట్టియే నాటి శ్రోతలు గ్రహించిరనియు ఆ గ్రంథము ప్రతిపాదించినది. బొబ్బిలి వీరుడైన తాండ్ర పాపారాయని కథను పాటగా విన్నవారికి ఆ అధ్యాయము చదువునపుడు గుండె నిండును. తాతలు అబద్ధములు పాడలేదని తెలియుట చిన్న ఓదార్పు కాదు.

స్త్రీల రామాయణపు పాటలపై 1991లో వెలువడిన వ్యాసము అంతకంటెను సూక్ష్మమైనది. అందు బ్రాహ్మణస్త్రీలు ఇంట పాడుకొనినవానిని, కాయకష్టము చేయు స్త్రీలు పాడుకొనినవానిని వేరువేరుగా పరిశీలించిరి. కౌసల్య వేవిళ్లు, ఊర్మిళ నిద్ర మొదలగు గృహవృత్తాంతములు ముందునకు రాగా, పురుషుల పరాక్రమము వెనుకకు జరుగును. ఒకే భాషలో, ఒకే కథలో, పాడు గొంతును బట్టి రామాయణము మారుచున్నప్పుడు, తులన కొరకు సముద్రములు దాటవలసిన పనిలేదు. ఆయన సముద్రములు దాటియు ఈ సంగతినే చూపిరి.

కేంద్ర సాహిత్య అకాడమీ 2021లో ఆయనకు గౌరవ సభ్యత్వము నిచ్చినది. స్త్రీల పాటలపై ఆయన వ్రాసిన ఆ వ్యాసమును చదివినది మొదలు, పలాసలో జీడిపిక్కలు వలుచు స్త్రీలు కూనిరాగము తీయుచున్నచోట నేను ఊరక దాటిపోలేకున్నాను. అది తెలుగు పాటయో, ఒరియా పాటయో, సీత యే భాషలో కన్నీరు తుడుచుకొనుచున్నదో విందమని కాసేపు నిలుచుచున్నాను.