తప్పు చేయనిచ్చే తుపాకీ

గది చీకటిగా ఉంది. ఎదురుగా గోడంత తెర. తెర మీద కొండవాలు, పొదలు, వాటి మధ్య కదిలీ కదలని ఒక నీడ. పలమనేరు పక్క పల్లె నుంచి సైన్యంలో కొత్తగా చేరిన కుర్రాడే అనుకోండి, బోర్లా పడుకుని రైఫిల్ భుజానికి ఆనించి ట్రిగ్గర్ నొక్కాడు. చప్పుడైంది. భుజానికి దెబ్బా తగిలింది. తూటా మాత్రం లేదు.

మరుక్షణం తెర మీద ఒక గీత. కాల్చే ముందు తుపాకీ మొన ఎటెటు వణికిందో ఆ గీతే చెబుతోంది.

"ఊపిరి బిగబట్టలేదు నువ్వు. ట్రిగ్గర్ నొక్కమంటే గుంజావు. మళ్లీ పడుకో" అన్నాడు ఉస్తాద్.

ఫైరింగ్ రేంజిలో తూటా ఎక్కడ తగిలిందో కనిపిస్తుంది కానీ గురి ఎందుకు తప్పిందో అంత తేలిగ్గా తెలియదు. ఆ 'ఎందుకు'నే సరుకు చేసి సైన్యానికి, పోలీసులకు అమ్ముతూ ఎదిగింది జెన్ టెక్నాలజీస్.

1993లో అశోక్ అట్లూరి, కిశోర్ దత్ అట్లూరి హైదరాబాద్‌లో దీన్ని మొదలుపెట్టారు. నగరంలో సాఫ్ట్‌వేర్ అంటే అమెరికా ప్రాజెక్టులే అనుకునే కాలం రాబోతోంది. వీళ్లు ఎంచుకున్న దారి వేరు. తుపాకీ, ట్యాంకు, క్షిపణి... దేన్ని వాడటం నేర్పాలన్నా ముందు తెర మీద నేర్పే యంత్రాలు, వాటికి కావలసిన సాఫ్ట్‌వేర్. ట్యాంకు సిమ్యులేటర్‌లో ఒక గంట గడిస్తే అసలు ట్యాంకుకు ఆ గంట ఇంధనం మిగులుతుంది, ఫిరంగి గొట్టం అరుగుదల తగ్గుతుంది.

లెక్క బాగానే ఉంది. కొనేవాడితోనే చిక్కు. రక్షణ శాఖకు సరుకు అమ్మాలంటే సొంత ఖర్చుతో పరికరం మోసుకెళ్లి పరీక్షలకు నిలబెట్టాలి. నెగ్గినా ఆర్డరు వస్తుందన్న భరోసా లేదు. ఫైలు కదిలేలోపు ఏళ్లు గడిచిపోతాయి, ఈలోగా ఇంజినీర్ల జీతాలు ఆగవు. విదేశీ సరుకును ఇక్కడ బిగించి ఇవ్వడం వేరు, ఇక్కడే రూపకల్పన చేయడం వేరని అశోక్ బహిరంగంగానే వాదిస్తూ వచ్చారు. 2016 నాటి రక్షణ కొనుగోళ్ల విధానం స్వదేశంలో రూపొందించిన పరికరాలకు మొదటి ప్రాధాన్యం ఇచ్చింది.

అసలు మలుపు 2021లో వచ్చింది. జూన్ 27న జమ్ములోని వైమానిక స్థావరం మీద డ్రోన్లు పేలుడు పదార్థాలు జారవిడిచాయి. సెప్టెంబరులో వైమానిక దళం నుంచి, సిమ్యులేటర్లతో పాటు డ్రోన్లను అడ్డుకునే పరికరాలూ అందించే జెన్‌కు సుమారు రూ.155 కోట్ల డ్రోన్ నిరోధక వ్యవస్థల ఆర్డరు దక్కింది. అదే నెలలో, శిక్షణలో సిమ్యులేటర్ల వాడకం పెంచాలంటూ రక్షణ శాఖ ఒక విధానం ప్రకటించింది. 2021-22లో రూ.70 కోట్లకు అటూ ఇటూ ఉన్న ఆదాయం 2024-25 నాటికి రూ.970 కోట్లు దాటింది. 2024లో మదుపు సంస్థల నుంచి రూ.1,000 కోట్లు సమకూర్చుకుంది. ఆ మరుసటి ఏడాది నౌకా శిక్షణ సిమ్యులేటర్ల సంస్థ ఒకదాన్ని కలుపుకుంది.

అయినా నిశ్చింత లేదు. పెద్ద గిరాకీ ప్రభుత్వానిదే. ఆర్డర్లు పడ్డ ఏడు పండగ, ఆలస్యమైన ఏడు ఎదురుచూపు.

జెన్ తయారుచేసేవాటిలో డ్రైవింగ్ సిమ్యులేటర్లూ ఉన్నాయి. మన చిత్తూరు–పలమనేరు దారికి అవసరమైన పాఠం అక్కడుంది. 2024 సెప్టెంబరులో ఆ దారిలోని మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని పలువురు చనిపోయారు. లోడు లారీకి దిగుడులో బ్రేకు అందకపోతే ఏం చేయాలో నిజం రోడ్డు మీద నేర్పలేం. తెర మీద అయితే వందసార్లు బోల్తా కొట్టించి మరీ నేర్పొచ్చు. గుర్తింపు పొందే డ్రైవింగ్ శిక్షణ కేంద్రాల్లో సిమ్యులేటర్ ఉండాలని 2021లోనే కేంద్రం నిబంధన పెట్టింది. ఘాట్ ఎక్కే ప్రతి డ్రైవరూ ముందు ఆ తెర ముందు కూర్చునేలా చూడటం ఇక మన రవాణా శాఖ పని.